గడువు దాటాక వచ్చిన జవాబు

నవంబరు 11, మంగళవారం

నిన్న నువ్వన్నది తప్పు. నేను మెట్ల మధ్యలో ధ్యానం చేయడం లేదు. కుర్చీ ఆగిపోయింది.

"ఏంటమ్మమ్మా, గాల్లో ధ్యానమా?" అని నవ్వుతూ పక్కనుంచి రెండేసి మెట్లు దూకుతూ ఆఫీసుకు పోయావు. "అవునే, మనశ్శాంతి" అన్నాను నేను. పళ్ళ డాక్టరు దగ్గర తప్ప ఈ అమ్మమ్మ కళ్ళు మూసుకుని కూచోవడం నువ్వెప్పుడైనా చూశావా? నమ్మేశావు. నమ్మేవాళ్ళకి అబద్ధం చెప్పడంలో సుఖమేమిటంటే, శ్రమ ఉండదు.

ఎదుట అనలేనివన్నీ ఇక్కడ అంటాను. కాగితం మీదిదేదీ నువ్వు చదవవు కనక భయం లేదు.

మన ఇల్లు మేడ మీద, నా మోకాళ్ళు కింది అంతస్తువి. అందుకని మీ కంపెనీ వాళ్ళు మెట్ల గోడకి ఒక పట్టా బిగించి, దాని మీద పైకీ కిందికీ నడిచే కుర్చీ పెట్టారు. పరీక్షకి ఒక ముసలమ్మ కావాలన్నారట, ఇంట్లో సిద్ధంగా ఒకతి ఉంది. కుర్చీ చేతి మీద చిన్న తెర, దానికో బొత్తాం. కూచోవడం, నొక్కడం, పోవడం. ఆ కుర్చీ లోపలి కంప్యూటరుకీ సీటు కింద బరువు తూచే సెన్సరుకీ మధ్య మాటలు నడిపే ప్రోగ్రాము నీది. దాన్ని డ్రైవర్ అంటారని మొదటి రోజే చెప్పావు. జీతం లేని డ్రైవర్ దొరికాడని సంతోషించాను.

నిన్న సగం దారిలో తెర నల్లబడింది. కుర్చీ ఆగింది. కాసేపటికి మీ కంపెనీ బొమ్మ వెలిగి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ బయల్దేరింది. పదవీ విరమణ దగ్గరపడిన మా అధికారుల్లో కొందరు మీటింగుల్లో ఇలాగే ఉండేవారు.

నవంబరు 12, బుధవారం

బాగానే నడిచింది. అంత పెద్ద విషయమేమీ కాదని నేను నిన్ననే అనుకున్నాను.

నవంబరు 13, గురువారం

మళ్ళీ ఆగింది. పొద్దున, మొదటిసారి దిగుతున్నప్పుడే.

సాయంత్రం నువ్వు లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని అడిగావు. "అమ్మమ్మా, కుర్చీ పొద్దున మళ్ళీ మొదటినుంచి మొదలైనట్టు చూపిస్తోంది. నువ్వు గానీ స్విచ్ ఆపావా?"

"ఆపాను."

"ఎందుకూ?"

"వాడనప్పుడు ఎందుకు తిప్పడం? కరెంటు మీ తాత వచ్చి కడతాడా?"

నీకు నవ్వొచ్చింది. "వాడే మనిషే ఆపేశారు" అని ఏదో పెట్టెలో గుర్తు కొట్టి మూసేశావు. నా పిసినారితనం మీద ఈ ఇంట్లో ఎంత నమ్మకం ఉందో!

చెప్పకపోవడానికి కారణం ఉంది. మీ పైఅధికారి (ఏ పనికైనా "సోమవారానికల్లా" అంటాడు కనక మన ఇంట్లో ఆయన పేరు సోమవారంగారు) ఇంకో తప్పు కనబడితే ఈ పని నీ దగ్గరనుంచి తీసి సీనియర్‌కి ఇస్తానన్నాడు. ఉద్యోగం పక్కా అయ్యేదాకా నీ మీద ఈగ వాలకూడదు. ఇది ముందుచూపు. అబద్ధం అనేవాళ్ళకి భాష రాదు.

కుర్చీ పీకేస్తే నేను మీ అమ్మ ఇంటికి, కింది గదిలోకి పోవాలన్నది దీంట్లో ఏ మాత్రం లేదు. అసలు ఆ ఆలోచనే రాలేదు. మీ అమ్మ నిన్న ఫోన్‌లో ఆ గదికి రంగులు వేయిస్తున్నానంది. వేయించుకోనీ.

నవంబరు 15, శనివారం

స్టెనో ఫోన్ చేసింది. ఆఫీసులో నేను చట్టాల ముసాయిదాలు చెబుతుంటే రాసిన స్టెనో. నేను కామా అనకపోతే కామా పెట్టదు, అంత నిజాయితీ. ఇప్పుడు వృద్ధుల హాస్టల్లో మేడ మీద ఉంటుంది. తుంటి ఎముక విరిగాక కిందికి దిగలేదు. అక్కడి మెట్లన్నిటికీ మీ కుర్చీలే వస్తున్నాయి, ఎల్లుండి కాక ఆ పై సోమవారం.

"ఏమండీ, మీ మనవరాలి రథం ఎప్పుడొస్తోంది?"

"సోమవారం అంటున్నారు."

"తోటలో కొత్త బెంచీలు వేశారట. కిటికీలోంచి ఒకదాని వీపే కనిపిస్తుంది. కూచుంటే ఎలా ఉంటుందో చూడాలి." ఆగి అడిగింది. "మీరు రోజూ ఎక్కుతున్నారుగా, భయం లేదు కదా?"

"భయమా? బొత్తాం నొక్కడానికి భయమేమిటే?" అన్నాను.

మధ్యాహ్నం అన్నం సయించలేదు. వంకాయ సరిగా ఉడకలేదు. అదే కారణం.

నవంబరు 16, ఆదివారం

ఈ రోజు కుర్చీ ఎక్కలేదు. కిందికి పనేం లేదు.

నవంబరు 17, సోమవారం

పొద్దున బాగా చలి. కిందికి దిగాను. కుర్చీ మధ్యలో ఆగింది, వెలిగింది, కింది దాకా తెచ్చింది. ఆగిన కుర్చీలోంచి లేచి, ఒక చేత్తో దాన్ని పట్టుకుని నిలబడబోతుంటే, కదిలింది.

జానెడే. నేను లేచానని దానికి తెలియలేదు. ఎవరో కూచునే ఉన్నారనుకుని పైకి బయల్దేరింది. తరవాత తనే తడబడి ఆగింది. నేను గోడకి ఆనుకున్నాను, ఏమీ కాలేదు. మోచేయి కాస్త గీరుకుంది.

గోడకి ఆనుకునే ఉండి ఆలోచించాను. నేను నిలదొక్కుకున్నాను సరే. స్టెనోకి తుంటిలో లోహపు ముక్క ఉంది. అది పడిపోవడానికి జానెడు చాలు.

గోడ పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కి పైకొచ్చాను. నువ్వు ఆఫీసునుంచి వచ్చేదాకా ఆగలేదు, మధ్యాహ్నమే ఫోన్ చేసి రమ్మన్నాను. ఏమైందోనని హెల్మెట్ కూడా తీయకుండా పైకొచ్చావు.

"కుర్చీ ఆగుతోంది" అన్నాను. "నేనెప్పుడూ స్విచ్ ఆపలేదు."

నువ్వు హెల్మెట్‌లోంచే చూశావు. "ఎప్పటినుంచి?"

"చలి మొదలైనప్పటినుంచి."

"అమ్మమ్మా!" అరిచావు. తరవాత గొంతు దించి, "కుర్చీ ఆగినవన్నీ నువ్వు ఆపినవేనని పక్కన పడేశాను. నా చేత్తో నేనే. తెలుసా నీకు?"

"తెలుసు."

"ఎందుకు చెప్పలేదు?"

"నీ ఉద్యోగం…"

"నా ఉద్యోగమా? నువ్వు పడి ఉంటే? నా ఉద్యోగం నెత్తిన పెట్టుకుని ఊరేగనా?"

తిట్టు. ఇంకా తిట్టు. చాలా రోజుల తరవాత ఛాతీ మీదనుంచి ఎవరో పీట తీసినట్టుంది. నేను మోచేయి చూపించాను. నువ్వు అప్పుడు హెల్మెట్ తీశావు.

తరవాత వంటింట్లోకి పోయి, నాకు కాఫీ పెట్టి, నీకు పెట్టుకోవడం మరిచిపోయి, నా ఎదురుగా పై మెట్టు మీద కూచుని అడగడం మొదలుపెట్టావు. ఎప్పుడు? పొద్దునా, సాయంత్రమా? మొదటిసారా, తరవాతా? కిటికీ తెరిచి ఉందా? జీవితంలో ఇంత శ్రద్ధగా నన్నెవరూ వినలేదు. మీ తాతతో సహా.

నవంబరు 18, మంగళవారం

నువ్వు సెలవు పెట్టావు. ఫ్రిజ్‌లోంచి కూరగాయలు బయటికి వచ్చాయి. కుర్చీలోంచి ఊడదీసిన సెన్సరు లోపలికి వెళ్ళింది. కంప్యూటరు బోర్డు ఫ్రిజ్ మీద, మధ్యలో తీగలు. తలుపు సందులోంచి చలి పోకుండా నా శాలువా కుక్కావు. శాలువా గురించి తరవాత మాట్లాడదాం.

"నిన్ననే చెప్పావుగా, పొద్దున మొదటిసారే ఆగుతుందని. రాత్రంతా వాడకపోతే సెన్సరు నిద్రపోతుంది. చలిలో లేవడానికి బద్ధకిస్తుంది. మా లాబ్‌లో హీటరు ఉంటుంది కాబట్టి ఎప్పుడూ టక్కున లేస్తుంది."

"బద్ధకిస్తే బరువు ఆలస్యంగా చెబుతుంది. దానికి కుర్చీ మొత్తం ఎందుకు స్పృహ తప్పాలి?"

"అదే నాకూ అర్థం కావడం లేదు. నేను ఆలస్యాన్ని కూడా చూసుకున్నానమ్మమ్మా. గడువు పెట్టాను. ఆ లోపు జవాబు రాకపోతే ఎర్రర్ అని తిరిగొచ్చి మళ్ళీ అడుగుతాను."

గడువు. ఆ మాట వింటే నాకు చెవులు నిక్కబొడుచుకుంటాయి. చట్టంలో గడువు అని రాస్తే దాని కిందే ఇంకో వాక్యం రాయాలి, గడువు దాటి వచ్చినదాన్ని ఏం చేయాలో. ఆ రెండో వాక్యం మరిచినవాళ్ళ పుణ్యమా అని వకీళ్ళు మేడలు కట్టారు.

"జవాబు ఎక్కడ రాయమంటావు?" అన్నాను.

"సెన్సరుకి ఒక చిరునామా ఇస్తాను. అది నేరుగా అక్కడే రాసేస్తుంది, మధ్యలో ఎవర్నీ అడగదు."

"ఎవరి చిరునామా?"

"నా ఫంక్షన్‌దే. స్టాక్ మీదిది." నా మొహం చూసి వివరించావు. "కెర్నల్ అని, కంప్యూటరు అట్టడుగున ఉండే ప్రోగ్రాము. అందులో ఒక్కో పనికి చాలా చిన్న జాగా ఇస్తారు. అదే స్టాక్. ఫంక్షన్ వచ్చి తనకి కావలసినంత తీసుకుంటుంది, పనయ్యాక వదిలేసి పోతుంది. వెంటనే ఆ జాగాలోకి ఇంకో ఫంక్షన్ వస్తుంది."

"అద్దె గది."

"అంతకన్నా అన్యాయం. తాళం కూడా మార్చరు."

"సరే. గడువు అయింది, నువ్వు గది ఖాళీ చేసి వెళ్ళిపోయావు. వెళ్ళేముందు సెన్సరుకి చెప్పావా?"

"ఏమని?"

"గడువు అయిపోయింది, ఇక ఆ గదికి రాయకని."

ఫ్రిజ్ గుర్రుమంటోంది. నీ పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు. చిన్నప్పుడు ఎక్కాలు మనసులో చెప్పుకునేటప్పుడు అలాగే ఉండేదానివి.

"అది రాస్తూనే ఉంటుంది" అన్నావు చివరికి. "నేను వెళ్ళిపోయాక వచ్చి రాస్తుంది. అప్పుడు ఆ గదిలో ఎవరుంటే వాళ్ళ మీద రాస్తుంది."

"ఎవరుంటారు?"

"ఎవరైనా. మోటారుని చూసుకునేవాడు. మనిషి కూచున్నాడా లేదా అని గుర్తుపెట్టుకునేవాడు. తిరిగి ఎక్కడికి వెళ్ళాలో రాసుకున్న కాగితం కూడా అక్కడే ఉంటుంది. దాని మీద పడితే దారి తప్పి, మొత్తం కుప్పకూలి మళ్ళీ మొదలవుతుంది." నా మోచేతి వంక చూశావు. "ఆగిపోవడం మన అదృష్టం అమ్మమ్మా. ఆగకపోయి ఉండొచ్చు."

తరవాత సెన్సరు బాగా చల్లబడే దాకా ఆగి, నడిపావు. ఒకసారి ఏమీ కాలేదు. రెండోసారీ కాలేదు. ఆ తరవాత తెర నల్లబడింది.

"చచ్చింది!" అని గావుకేక పెట్టి నన్ను పట్టుకుని గిరగిరా తిప్పావు. "అమ్మమ్మా చచ్చింది! నా కళ్ళముందే చచ్చింది!"

కింది అంతస్తు కుట్టుపని ఆవిడ మెట్లెక్కి పరుగున వచ్చి, తలుపు దగ్గరే ఆగి, గొంతు తగ్గించి అడిగింది. "ఎవరండీ పోయింది?"

ఆవిడకి కాఫీ ఇచ్చి పంపేసరికి ఘడియ పట్టింది. చావుని చూసి ఇంత సంతోషించిన ఇల్లు ఈ వీధిలో ఇంకోటి ఉండదు.

నవంబరు 19, బుధవారం

సోమవారంగారు ఫోన్ చేశాడు. నువ్వు స్పీకర్ పెట్టి చేతులతో తీగలు బిగిస్తున్నావు. నేను వంకాయలు తరుగుతున్నాను. వినలేదు. వినపడింది.

"కారణం దొరికిందిగా, శభాష్. గడువు పెంచేయ్. పదింతలు చేయ్. సోమవారానికల్లా కుర్చీలు హాస్టల్‌కి వెళ్ళిపోవాలి."

"గడువు పెంచితే తప్పు పోదు సార్, అరుదవుతుంది. ఇంకా చలి ఎక్కువైన రోజు మళ్ళీ వస్తుంది. ఆ రోజు మనం అక్కడ ఉండం."

"అబ్బా, ఎంత జాగా అది? నాలుగు అక్షరాలు. స్టాక్ మీద నాలుగు అక్షరాలు పెడితే కొంపలు మునుగుతాయా? తప్పులు పట్టే కంపైలర్ కూడా ఏమీ అనలేదుగా?"

"కంపైలర్ పరిమాణం చూస్తుంది సార్. ఇక్కడ సమస్య పరిమాణం కాదు. ఆయుష్షు."

కత్తి ఆగిపోయింది నా చేతిలో. ముప్పై పేజీల చట్టంలో అలాంటి వాక్యం ఒకటి పడితే నేను ఆ సాయంత్రం అందరికీ టీ ఇప్పించేదాన్ని.

ఆయన ఊరుకోలేదు. "చూడమ్మా, సీనియర్ అయితే ఈపాటికి పంపేసి ఉండేవాడు."

నీ చెవులు ఎర్రబడ్డాయి. నాకు తెలుసు ఆ ఎరుపు. అది ఏడుపుకి ముందు వస్తుంది, కోపానికి ముందు కూడా వస్తుంది. ఏది వస్తుందో మన వంశంలో ఎవరూ ముందు చెప్పలేరు.

"అయితే సీనియర్‌కే ఇవ్వండి సార్" అన్నావు. "కానీ ఆయనకి ఇచ్చే కాగితాల్లో పై పేజీ మీద ఇది రాసి ఇస్తాను. మా అమ్మమ్మ దిగుతుంటే కుర్చీ కదిలింది. కింద నా సంతకం పెడతాను. మీరూ చదివినట్టు సంతకం పెట్టాలి."

సంతకం అనే మాటకి ఎంత బలమో నాకు తెలుసు, అది చూపించి మంత్రులనే ఆపాను.

"ఎన్నాళ్ళు కావాలి?" అన్నాడు.

"వారం."

"నేను సోమవారం అని మాటిచ్చాను."

ఇక నా వల్ల కాలేదు. "ఏ సోమవారమో ఒప్పందంలో రాశారా నాయనా?" అన్నాను వంకాయల మీదనుంచి.

"ఎవరది?"

"ముసలమ్మండీ. పరీక్ష ముసలమ్మ."

ఆయన దగ్గాడు. "కాగితం చూసి చెబుతా" అని పెట్టేశాడు. సాయంత్రం మెసేజ్ వచ్చింది. తేదీ రాయలేదట. సోమవారం అని మాత్రమే ఉందట. ఆ ఒప్పందం రాసినవాణ్ణి నేను ఉద్యోగంలోంచి తీసేసి, తరవాత పిలిచి ముద్దు పెట్టుకునేదాన్ని.

నవంబరు 22, శనివారం

నువ్వు చేసింది నాకు అర్థమైనంతవరకు ఇది. సెన్సరు జవాబు కోసం ఇక అద్దె గది ఇవ్వవు. కుర్చీ మేలుకున్నప్పుడే విడిగా ఒక సొంత జాగా అడిగి తీసుకుంటావు. కుర్చీ ఆపేసేదాకా అది వేరెవరికీ పోదు. గడువు దాటితే "ఇక రాయకు" అని సెన్సరుకి చెబుతావు. అది సరేనని ఒప్పుకున్నాకే వెనక్కి వస్తావు. ఈ లోపల ఆలస్యపు జవాబు వచ్చిందా, తన జాగాలో తాను పడి ఉంటుంది. దాన్ని ఎవరూ చదవరు, అది ఎవరినీ కొట్టదు.

"నీ రెండో వాక్యం" అన్నావు.

నేను వంటింట్లోకి వెళ్ళి గిన్నె కడిగాను. అది కడిగిన గిన్నే.

తరవాత నీ పాత ప్రోగ్రాములన్నీ తెరిచి, స్టాక్ మీది చిరునామా ఇంకెక్కడైనా బయటివాళ్ళ చేతికి ఇచ్చావేమోనని వెతికావు. ఇంకో చోట దొరికింది. దాన్ని దిద్దమని ఎవరూ అడగలేదు, అది ఇంతవరకు ఎవర్నీ ఆపలేదు. అయినా దిద్దావు. నాకు ఇవాళ అన్నిటికంటే నచ్చింది అదే. నీకు చెప్పలేదు, తలకెక్కుతుంది.

నవంబరు 24, సోమవారం

సెన్సరుని ఫ్రిజ్‌లో పెట్టారు. ఐస్ పెట్టెలో పెట్టారు. మీ సీనియర్ వచ్చి తన పద్ధతిలో కూడా చల్లబరిచాడు. మంచి కుర్రాడు, నా శాలువా మడత పెట్టి ఇచ్చాడు. సెన్సరు ఎంత ఆలస్యంగా లేచినా తెర మీద "మళ్ళీ అడుగుతున్నాను" అని వస్తోంది, కుర్చీ కదలకుండా కూచుంటోంది, జవాబు వచ్చాక బయల్దేరుతోంది. ఒక్కసారి కూడా నల్లబడలేదు.

వంకాయలు ఫ్రిజ్‌లోకి తిరిగొచ్చాయి.

నవంబరు 26, బుధవారం

చలి. పొద్దున్నే ఎక్కాను. తెర మీద "మళ్ళీ అడుగుతున్నాను" అని వచ్చింది. "అడుగు, తొందరేం లేదు" అన్నాను. కాసేపటికి నడిచింది. కింద లేచి నిలబడ్డాను. చేయి ఆన్చి చూశాను. కదల్లేదు.

మీ అమ్మకి ఫోన్ చేసి ఆ గదికి పచ్చ రంగు వేయించమన్నాను. అద్దెకిస్తే పచ్చ రంగుకి గిరాకీ ఉంటుంది. మళ్ళీ ఎవరో చెప్పాలా, నేను రావడం లేదని?

సరే, రాసేస్తాను. భయపడ్డాను. కుర్చీకి కాదు, ఆ కింది గదికి. ఇప్పుడు లేదు కనక రాయడం తేలిక.

డిసెంబరు 1, సోమవారం

కుర్చీలు హాస్టల్‌కి వెళ్ళాయి. సోమవారంగారు మాట నిలబెట్టుకున్నాడు. కాగితం ప్రకారం చూస్తే ఆలస్యమే కాలేదు. బిగింపు దగ్గరుండి నువ్వే చూశావు, ఉద్యోగం పక్కా చేసిన కాగితం జేబులో పెట్టుకుని. ఆ సంగతి ఇంటికొచ్చి సబ్బు అయిపోయిందని చెప్పినట్టు చెప్పావు. నేను కూడా "ఊఁ" అన్నాను. ఇద్దరం ఒకే రక్తం.

డిసెంబరు 3, బుధవారం

స్టెనో ఫోన్. వెనకాల పిట్టల గోల, గాలి చప్పుడు. అది గదిలోంచి మాట్లాడితే అలా ఉండదు. నాకు ముందే తెలిసిపోయింది, అయినా అడిగాను.

"ఎక్కడున్నావే?"

"బెంచీ మీద."

"ఎలా ఉంది?"

"గట్టిగా ఉందండీ. వెన్ను నొప్పి పుడుతోంది." అని, మళ్ళీ తనే, "ఇంకాసేపు కూచుంటాను."

నేను ఫోన్ పట్టుకునే ఉన్నాను. అదీ పెట్టలేదు. ఇద్దరం ఏమీ మాట్లాడలేదు, కామాలు కూడా లేవు. పెట్టేసేముందు మాత్రం సిగ్గుపడుతూ ఒక్క మాట చెప్పింది. బయటికి వేసుకునే చెప్పులు లేవట. మేడ దిగనిదానికి ఎందుకులే అని ఎప్పుడో ఆయాకి ఇచ్చేసిందట. ఇప్పుడు గదిలో తిరిగే గుడ్డ చెప్పులతోనే తోటలో కూచుంది, నేల తడిగా ఉందిట.

ఈ కిందిది విడి కాగితం మీద రాసి నీ హెల్మెట్‌లో పెడుతున్నాను. అదొక్కటే నువ్వు తప్పక చూసే చోటు.

రేపు ఆఫీసునుంచి వచ్చేటప్పుడు చెప్పుల దుకాణానికి వెళ్ళు. స్టెనోకి చెప్పులు కావాలి, దాని పాదం నా పాదం కంటే బొటనవేలి గోరంత చిన్నది. నా పాత చెప్పు ఒకటి సంచిలో పెట్టాను, కొలతకి. బకిల్ వద్దు, వంగలేదు. వెనక పట్టీ అతుక్కునేది చూడు. అడుగు జారకూడదు, దుకాణంలో తడి గుడ్డ అడిగి రుద్ది చూడు, సిగ్గుపడకు. నలుపు తేకు. ఇచ్చేటప్పుడు నువ్వే తొడిగి, పట్టీ బిగుతుగా ఉందేమో వేలు పెట్టి చూసి, తోట ఒక చుట్టు తిప్పి రా.